స్థిరత్వం ఎక్కువైతే విమానానికీ ఇబ్బందే!

ఫైనలియర్‌లో ఉన్నారా? అయితే మీ హాస్టల్ గదిలో రోజూ జరిగే వాదన నాకు తెలుసు. కోర్‌కి వెళ్లాలా, సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలా? ఆ ప్రశ్నే తప్పని నాకు ఓ ఇంటర్వ్యూ నేర్పింది.

'విమానానికి స్థిరత్వం ఎంత ఎక్కువుంటే అంత మంచిదేనా?' అని అడిగారు. 'అవును సార్' అనేశాను. 'ఎందుకు?' అన్నారు. పుస్తకంలో ఉన్న నిర్వచనం అప్పజెప్పాను. ఉద్యోగం రాలేదు. జవాబు మాత్రం తర్వాత వెతుక్కున్నాను.

మామూలు విమానంలో బరువు కేంద్రం ముందు, గాలి ఒరవడికి మారే లిఫ్ట్ పనిచేసే బిందువు దాని వెనక ఉంటాయి. అందుకే గాలి కుదుపుకి ముక్కు పైకి లేచినా, దానంతటదే కిందికి దిగుతుంది. ఇదే స్థిరత్వం. అయితే ధ్వని వేగం దాటాక ఆ లిఫ్ట్ బిందువు ఇంకా వెనక్కి జరుగుతుంది. ముక్కు కిందికి వాలిపోతుంటుంది. దాన్ని పైకి పట్టి ఉంచడానికి కంట్రోల్ సర్ఫేసులు వంచాలి. దాంతో డ్రాగ్ పెరుగుతుంది, చురుకుదనం తగ్గుతుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో తిరిగిన కాంకార్డ్, ఇంధనాన్ని వెనక ట్యాంకులోకి పంపు చేసి బరువు కేంద్రాన్నే వెనక్కి జరుపుకునేది.

ఎఫ్-16, మన తేజస్ లాంటి ఫైటర్లది ఇంకో దారి. కావాలనే స్థిరత్వం తగ్గించి డిజైన్ చేశారు. తేజస్‌ను పైలట్ ఒక్కడే చేత్తో అదుపు చేయలేడు. ఫ్లై-బై-వైర్ కంప్యూటర్ ప్రతి సెకనూ ఎన్నోసార్లు సరిదిద్దుతూ ఉండాలి. 1998 అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టడంతో ఈ వ్యవస్థకు అక్కడినుంచి అందే సాయం ఆగిపోయింది. మిగిలిన పనిని మన ఇంజినీర్లే పూర్తిచేశారు. 2001 జనవరి 4న బెంగళూరులో తేజస్ మొదటిసారి ఎగిరింది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్స్‌లర్‌గానూ పనిచేశారు.

ఇప్పుడు చెప్పండి, ఇది కోరా, సాఫ్ట్‌వేరా? ఏరోడైనమిక్స్ తెలియకుండా ఆ కోడ్ రాయలేరు. కోడ్ లేకుండా ఆ విమానం ఎగరదు. మనం గట్టెక్కితే చాలనుకుని చదివిన కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టే అక్కడ పైలట్ ప్రాణం కాపాడుతోంది.

అందరూ విమాన రంగానికే వెళ్లమని నేను అనడం లేదు. అక్కడ ఖాళీలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, చాలాచోట్ల గేట్ స్కోరో ఎంటెక్కో అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే: రెండింటినీ కలిపే ఒక్క ప్రాజెక్టు మీ చేతుల్లో ఉండాలి. ఎన్‌పీటీఈఎల్‌లో ఫ్లైట్ డైనమిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5లో చిన్న గ్లైడర్ గీయండి. బరువు కేంద్రాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరపండి. స్థిరత్వం ఎక్కడ పోతుందో చూడండి. తర్వాత పైథాన్‌లో చిన్న కంట్రోలర్ రాసి దాన్ని నిలబెట్టండి. ఖర్చు ఏమీ లేదు, కొన్ని వారాంతాలు చాలు.

కొని తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టు మీద రెండో 'ఎందుకు' అడిగితే నోరు పెగలదు. మీరే చేసిన చిన్న పని మీద పది 'ఎందుకు'లు అడిగినా చెప్పగలరు. నన్నడిగిన ప్రశ్న రేపు మిమ్మల్ని అడిగితే, 'అవును సార్' అని మాత్రం ఆపేయకండి.