తొలి కెమెరా

కెమెరా ఖరీదును బట్టి ఛాయాచిత్రకారుని ప్రతిభను కొలవడం పొరపాటు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్, 1870ల మధ్యలో, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూనే ఈ కళను చేపట్టినాడు. ఉద్యోగం అన్నం పెట్టినది. అభ్యాసం పేరు తెచ్చినది.

కనుక విద్యార్థి మిత్రులు తొలి కెమెరాకై అప్పు చేయనవసరం లేదు. తెలిసినవారికి చూపించి కొన్న పాత కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటి చాలు. వెలుతురు ఎటునుండి పడుతున్నదో, ముఖంపై నీడ ఎక్కడ నిలిచినదో గమనించే అలవాటు ఏ దుకాణంలోనూ దొరకదు. ఫిల్ము చుట్టకు 36 చిత్రాలే గనుక పూర్వులు ఆలోచించి మీట నొక్కేవారు. డిజిటల్ కెమెరాతోనూ ఆ పొదుపును పాటించవచ్చు.

అయితే పాత కెమెరా కూడా కొనలేనివారు మన తరగతులలో ఉన్నారు. గ్రంథాలయం పుస్తకాన్ని ఇచ్చినట్లే, కళాశాల కార్యవర్గం ఒక కెమెరాను కొని వంతులవారీగా అరువివ్వాలి. పుస్తకం కొనలేనివారు చదవరాదని మనం ఏనాడూ అనలేదు కదా!