నీళ్ల లెక్క దాచొద్దు

కృత్రిమ మేధ డేటా సెంటర్లను ద్రవంతో చల్లబరిచే పద్ధతులపై ప్రభుత్వమే అధ్యయనం చేయించాలంటూ 2025లో అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు వచ్చింది. ఆ పనిని గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసుకు, అంటే మన కాగ్ లాంటి సంస్థకు అప్పగించాలన్నది ప్రతిపాదన. కంపెనీల ప్రచార పత్రాలే విధాన పత్రాలుగా చలామణీ అవుతున్న రోజుల్లో ఈ వ్యవహారాన్ని లెక్కలు తనిఖీ చేసేవారి చేతిలో పెట్టాలనుకోవడం మెచ్చదగ్గదే. కానీ ఎంత కరెంటు ఆదా అవుతుంది, ఏ పరిశోధనకు నిధులివ్వాలి అన్న దగ్గరే అధ్యయనం ఆగిపోతే అది కంపెనీలకు ఉచిత సలహాగానే మిగులుతుంది. ఏ కేంద్రం ఏ ఊరి నీళ్లు ఎన్ని తీసుకుంటోందో నెలనెలా బయటపెట్టి తీరాలన్న నిబంధన దానికి జత కావాలి.

ద్రవంతో చల్లబరచడం అవసరమా కాదా అన్న చర్చకు ఇప్పుడు చోటు లేదు. మామూలు సర్వర్ల ర్యాక్ ఒకటి అయిదు నుంచి పది కిలోవాట్లు వాడుతుంది. ఎన్విడియా జీపీయూ చిప్పులు 72 అమర్చిన జీబీ200 ర్యాక్ దాదాపు 120 కిలోవాట్లు లాగుతుంది. రెండు కిలోవాట్ల గీజర్లు అరవై ఒకే బీరువాలో పెట్టి రాత్రింబవళ్లు ఆపకుండా వేసినంత వేడి అది. ఫ్యాన్ల గాలి దాన్ని మోయలేదు. అందుకే చిప్ మీద రాగి పలకను బిగించి, అందులోని సన్నటి కాలువల గుండా ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీటిని పారిస్తున్నారు. ఇదేమీ నిన్నమొన్నటి ఊహ కాదు. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్ ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో మునిగే పనిచేసింది. 2023 మే నెలలో అమెరికా ఇంధన శాఖ ఈ రంగంలో 15 ప్రాజెక్టులకు 4 కోట్ల డాలర్లు ప్రకటించింది.

ఇక్కడే ఒక గారడీ ఉంది. ‘మాది మూసి ఉన్న వలయం, నీళ్లు ఖర్చే కావు’ అని కంపెనీలు చెబుతుంటాయి. చిప్ చుట్టూ తిరిగే నీటి వరకు ఆ మాట నిజమే. కానీ ఆ నీరు మోసుకొచ్చిన వేడిని భవనం బయటికి పంపాలిగా! దాన్ని కూలింగ్ టవర్‌కు అప్పగిస్తే అక్కడ వేరే నీరు ఆవిరై పోతుంది. పొడి గాలి శీతలకాలు పెడితే నీళ్లు మిగులుతాయి, ఫ్యాన్లకు కరెంటు పెరుగుతుంది. ఒక గిగావాట్ వేడినంతా ఆవిరి రూపంలోనే వదిలితే రోజుకు సుమారు మూడున్నర కోట్ల లీటర్లు కావాలి. పొడి పద్ధతి ఎంచుకుంటే అదే అంకె సున్నా దగ్గరికి వస్తుంది. ఒకే సాంకేతికతకు ఇంత తేడా ఉన్నప్పుడు, పైపు లోపలి నీటి గురించి గొప్పగా చెప్పి పైకప్పు మీది ఆవిరి గురించి నోరు మెదపకపోవడం సగం నిజమే అవుతుంది. ముంచి చల్లబరిచే కొన్ని పద్ధతుల్లో వాడే ఫ్లోరిన్ రసాయనాల సంగతీ తేల్చాలి. అలాంటి రసాయనాల తయారీని 2025 చివరికల్లా మానేస్తామని 3ఎం కంపెనీయే 2022లో ప్రకటించింది.

లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023లో అమెరికా డేటా సెంటర్లు ఆ దేశ విద్యుత్తులో 4.4 శాతం వాడాయి. నేరుగా తాగిన నీళ్లు 6,600 కోట్ల లీటర్లు. దేశం మొత్తానికి చెప్పే ఇలాంటి అంకె ఏ ఊరివాడికీ ఉపయోగపడదు. ఊరి లెక్క అడిగితే ఏమవుతుందో ఒరెగన్ రాష్ట్రంలోని ది డాల్స్ పట్టణం చూపించింది. అక్కడి గూగుల్ కేంద్రం నీటి వాడకం చెప్పాలని ‘ది ఒరెగోనియన్’ పత్రిక విలేకరి కోరితే, అది వ్యాపార రహస్యమంటూ నగర పాలకులు నిరాకరించారు. ఇవ్వాల్సిందేనని జిల్లా అటార్నీ ఆదేశిస్తే, పాలకులు పత్రిక మీదే దావా వేశారు. ఆ వ్యాజ్యం ఖర్చు భరించింది గూగుల్! 2022 డిసెంబరులో రాజీ కుదిరాక తేలిందేమిటంటే, 2021లో ఆ కేంద్రం 35.5 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 134 కోట్ల లీటర్లు వాడింది. అది పట్టణ వినియోగంలో నాలుగో వంతుకు మించింది. ప్రజల నీటి లెక్కను ప్రజలకు తెలియనివ్వకుండా ప్రజల ప్రభుత్వమే కోర్టుకెక్కిన ఈ ఉదంతం అమెరికా అధ్యయనంలో మొదటి అధ్యాయం కావాలి.

అదే గూగుల్ ఇప్పుడు విశాఖకు వస్తోంది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి కేంద్రం అని 2025 అక్టోబరులో ప్రకటించారు. పెట్టుబడిని మేం కాదనడం లేదు. 2018 నుంచే టీపీయూలనే తన కృత్రిమ మేధ చిప్పులను ద్రవంతో చల్లబరుస్తున్న సంస్థకు ఈ విద్య కొత్త కాదు. మనకు కావాల్సింది మన వాతావరణంలో, మన ప్రభుత్వ సంస్థలు చేసే అధ్యయనం. కొలరాడోలోని గోల్డెన్ పట్టణంలో అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాల వెచ్చటి నీటితో కంప్యూటర్లను చల్లబరిచి, ఆ వేడితో శీతకాలంలో గదులను వేడి చేసుకుంటోంది. విశాఖలో గది వేడి చేయమని అడిగేవారు ఎవరు? పొడి కొండగాలిలో వచ్చిన ఫలితం ఉక్కపోసే తీరానికి అతకదు. గాలిలో తేమ ఎక్కువైతే కూలింగ్ టవర్ పనితనం పడిపోతుంది, ఉప్పుగాలి లోహాలను తినేస్తుంది. మరోవైపు, తన కొత్త తరం చిప్పులకు 45 డిగ్రీల నీరు చాలని ఎన్విడియా చెబుతోంది. విశాఖ వేసవి గాలి సాధారణంగా అంతకన్నా చల్లగానే ఉంటుంది కాబట్టి, అలాంటి యంత్రాలకు నీరు ఆవిరి చేయాల్సిన అగత్యమే ఉండకూడదు. ఏలేరు కాలువ నీటిని ఇప్పటికే ఉక్కు కర్మాగారం, నగరం పంచుకుంటున్నాయి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నీళ్లు ముందు కుళాయిలకే చెందాలి. వాటిని టవర్లలో ఆవిరి చేసే డిజైన్‌కు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదు. నీళ్లు తప్పనిసరైతే శుద్ధి చేసిన మురుగునీటితో సరిపెట్టుకోమనాలి.

తన అమెరికా కేంద్రాల నీటి వాడకాన్ని గూగుల్ ఇప్పుడు ఏటా ఊరువారీగా ప్రకటిస్తోంది. విశాఖకు ఆ మర్యాద చాలదు. నీటి మీటరు లెక్కను నెలవారీగా బహిరంగపరచాలని, దాన్ని వ్యాపార రహస్యంగా పరిగణించరాదని ఒప్పందంలోనే రాయించాలి. ఏడాది సగటు కింద ఏప్రిల్, మే నెలల అంకె కనబడకుండా పోతుంది. రిజర్వాయర్లు అడుగంటేదీ, యంత్రాలు ఎక్కువ చల్లదనం కోరేదీ ఆ నెలల్లోనే.