ఎల్లరు వ్రాయు గ్రంథము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటలో చేలు క్రమముగా తగ్గి అడవి దట్టమగును. టేకు, తునికి, ఇప్ప చెట్ల నడుమ కోయల గూడెములు కలవు. గోదావరి వెంట దిగువకు పోయినచో పాపికొండల వాలులలో కొండరెడ్ల పల్లెలు కానవచ్చును. 1945లో ఈ కొండరెడ్లను గూర్చి లండను నగరమున ఆంగ్ల భాషలో ఒక పెద్ద గ్రంథము వెలువడెను. దానిని రచించినవాడు ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆయన ఆ పల్లెలలో బస చేసి, వారి పోడు వ్యవసాయమును, పండుగలను, కష్టసుఖములను స్వయముగా చూచి శ్రద్ధతో వ్రాసెను.

గ్రంథము మంచిదే. కాని ఎవరిని గూర్చి అది వ్రాయబడెనో వారు దానిని చదువజాలరైరి. అందేదైన పొరపాటు దొరలినను, “ఇది ఇట్లు కాదు” అని చెప్పుటకు వారికి దారి లేకపోయెను. చిరకాలము లోకమున జరిగిన తీరు ఇదియే. కొందరు వ్రాయువారు; తక్కినవారు వ్రాయబడువారు. ఈ రెండు తెగల నడుమ నున్న గోడను కూల్చుటకు సాధనమేమైన కలదా? కలదు. అది నేటి విద్యార్థుల చేతికి అందునంత దూరములోనే యున్నది.

పూర్వము గ్రంథ ప్రచురణము సులభమైన పని కాదు. పండితులు కావలెను; ముద్రాలయము కావలెను; అన్నింటికి మించి ధనము కావలెను. తెలుగువారికి ఒక విజ్ఞాన సర్వస్వము ఉండవలెనని కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు సంకల్పించిరి. పెక్కుమంది పండితుల తోడ్పాటుతో ఆయన మూడు సంపుటములను వెలువరించిరి. అయినను అకారముతో మొదలగు విషయములు దాటకమున్నే, 1923లో ఆయన కన్నుమూసిరి. లోపము ఆయన పట్టుదలలో లేదు. అంత పెద్ద పని కొలదిమంది భుజములపై నిలిచియుండుటయే అందలి చిక్కు.

ఆ చిక్కును విడదీయు మార్గము కంప్యూటరు యుగమున దొరికెను. కంప్యూటరును నడపు ఆదేశముల కూర్పును సాఫ్టువేరు అందురు. పెక్కు కంపెనీలు ఆ ఆదేశములను ఎవరికిని చూపక దాచియుంచును. దీనికి భిన్నముగా 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను కంప్యూటరు నిపుణుడు ఒక ఉద్యమమును ఆరంభించెను. సాఫ్టువేరును ఎవరైనను చూడవచ్చును, వాడవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును అనుట దాని సారము. మార్చి పంచువాడు తాను పొందిన స్వేచ్ఛనే ఇతరులకును ఈయవలెనని ఆయన ఒక నియమపత్రమును కూడ రచించెను.

ఇది మన పల్లెలకు కొత్త ధర్మము కాదు. ఊరి చెరువు ఏ యొక్కని సొత్తును కాదు. దాని నీరు అందరి పొలములకును పారును. పూడిక తీయునాడు అందరును పారలతో పోవుదురు. స్వేచ్ఛా సాఫ్టువేరు అట్టి చెరువే. భేదమేమనగా, దీని నీరు ఎందరు తోడుకొన్నను తరుగదు.

ఈ పద్ధతి ప్రచురణ రంగమున గొప్ప మార్పు తెచ్చెను. టిమ్ బర్నర్స్‌-లీ రూపొందించిన వెబ్బును ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయము 1993 ఏప్రిల్ 30న ప్రకటించెను. పదేండ్ల పిమ్మట, 2003 మే 27న, వర్డ్‌ప్రెస్ అను ప్రచురణ సాధనము వెలువడెను. ఫ్రెంచి యువకుడు మిషెల్ వాల్‌డ్రిగీ అంతకుముందు వ్రాసి వదలిన ఒక సాఫ్టువేరు దానికి పునాది. అమెరికాకు చెందిన మాట్ ములెన్‌వెగ్, ఇంగ్లండుకు చెందిన మైక్ లిటిల్ ఆ పునాదిపై కొత్త కట్టడమును లేపిరి. ఆనాటి నుండి నానా దేశముల వారు దానికి మెరుగులు దిద్దుచున్నారు. నేడు ప్రపంచములోని వెబ్‌సైటులలో ఐదింట రెండు వంతులకు పైగా దానిపై నడచుచున్నవి. ముద్రాలయము లేనివానికి అది ముద్రాలయమైనది.

తెలుగు అక్షరము ఈ లోకమున ప్రవేశించుటకును ఇట్టి దాతలే తోడైరి. 1991లో యూనికోడు తొలి కూర్పున తెలుగు లిపికి చోటు దొరకెను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమనల పేర్లతో అక్షరరూపములను తయారుచేసి ఉచితముగా పంచిరి. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థయు పెక్కు తెలుగు ఖతులను అట్లే అందరకు విడుదల చేసెను. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. నేడు అందలి వ్యాసములు లక్ష దాటినవి. వేతనము లేని వ్రాతగాండ్రు తీరిక వేళలలో కూర్చిన సర్వస్వమది. లక్ష్మణరావుగారి కలకు ఇంతకంటె తగిన వారసత్వము వేరొకటి లేదు.

ఇట్టి గ్రంథము అడవి అంచున నున్న పల్లెకు ఎట్లు ఉపకరించును? చింతూరు సంగతి చూడుడు. 1959 వరకు అది తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆ యేట భద్రాచలము తాలూకాతో పాటు ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు పోలవరము ముంపు మండలములతో కలిసి ఆంధ్రప్రదేశమునకు పోయి, మరల తూర్పు గోదావరి జిల్లాలో కలిసెను. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమయ్యెను. ఊరు కదలలేదు, గోదావరి కదలలేదు, ఊరి చిరునామా మాత్రము మాటిమాటికి మారెను. అచ్చుపుస్తకము ఈ మార్పులను అందుకొనుటకు ఏండ్లు పట్టును. ఎల్లరు దిద్దు గ్రంథములో ఒక సాయంకాలమున ఆ పని ముగియును. పాత సంగతి చెరిగిపోక, చరిత్రగా నిలిచియుండును.

ఇక వరదల మాట. 2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 71.3 అడుగులకు చేరెను. 1986లో అది 75.6 అడుగులు. ఈ అంకెలు ప్రభుత్వ దస్తరములలో కలవు. కాని ఆ అంకెకు ఏ గూడెములో నీరు ఏ గడప వరకు వచ్చెనో, ఏ త్రోవ మొదట మునిగెనో, ఏ మెరక ప్రాణములు కాచెనో ఎరిగినవారు ఆ ఊరి పెద్దలే. వారి ఎరుకను వ్రాసి పదిమందికి అందించినచో, రాబోవు వరదనాడు అది పడవ వలె పనికివచ్చును.

“ఎవరైనను వ్రాయవచ్చునన్నచో ఆ వ్రాతను నమ్ముటెట్లు?” అని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. వికీపీడియాలో ప్రతి మార్పును, అది జరిగిన దినముతోను గంటతోను సహా భద్రపరుపబడును. ఎవడైన దురుద్దేశముతో చెరపినచో, పూర్వపు ప్రతిని మరల నిలుపవచ్చును. చెప్పిన మాటకు ఆధారము చూపవలెను. భేదాభిప్రాయము కలిగినచో చర్చ కొరకు ప్రత్యేకముగా ఒక పుట కలదు. అయినను ఒక సత్యమును మరువరాదు. వేయి కన్నులు చూచు పుటలో తప్పు నిలువదు. ఏ కన్నును చూడని పుటలో అది ఏండ్ల తరబడి నిలుచును. మహానగరములను గూర్చిన పుటలకు కాపరులు పెక్కురు. గూడెములను గూర్చిన పుటలకు కాపరి ఎవరు? ఆ గూడెమున పుట్టి అక్షరము నేర్చిన బాలబాలికలే కావలెను.

ఇచట మరియొక చిక్కు కలదు. వికీపీడియా ప్రచురితమైన ఆధారమును కోరును. కోయల చరిత్ర పెక్కుపాలు కంఠములలోనే యున్నది. పడిగె అను గుడ్డపై చిత్రించిన బొమ్మలను చూపుచు, డోలు వాయించుచు, వీరుల గాథలను వారు గానము చేయుదురు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులలో ప్రసిద్ధులు. సమ్మక్క సారలమ్మల గాథలను కంఠస్థముగా పాడిన ఆయనను భారత ప్రభుత్వము 2022లో పద్మశ్రీతో గౌరవించెను. 2024 జూనులో ఆయన పరమపదించిరి. అట్టి ఒక్క వృద్ధుడు పోయినచో ఎన్ని గాథలు ఆయనతో పోవునో లెక్కించువారెవరు? కావున పెద్దల మాటను మొదట వినవలెను. వారు పాడినది పాడినట్లు నమోదు చేయవలెను. పిమ్మట స్వేచ్ఛా సాధనములతో తమ సొంత వెబ్‌సైటున ప్రచురింపవలెను. నేడు ప్రచురింపబడినదే రేపటి పండితునికి ఆధారమగును.

అయితే తొందర పనికిరాదు. స్వేచ్ఛా నియమముల క్రింద ఒకసారి లోకమునకు విడిచిన దానిని మరల వెనుకకు తీసికొనుట సాధ్యము కాదు. జాతరలో మాత్రమే పాడవలసిన పాట యొకటి ఉండవచ్చును. బయటివారికి చెప్పరాదని పెద్దలు తలచు మూలికా రహస్యము ఉండవచ్చును. వానిని ఇచ్చుటయా, దాచుటయా అనునది ఆ గూడెమువారే నిర్ణయింపవలెను. తన ఆచార సంప్రదాయములను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని 1996 నాటి పెసా చట్టము అంగీకరించినది. ఫోను చేత నున్నంత మాత్రమున ఎవడును ఆ సభను దాటి పోరాదు. అడుగక తీసికొన్న జ్ఞానము ఉచితముగా పంచినను దొంగసొత్తే.

సాధనము ఉచితమైనంత మాత్రమున చేరవలసినవారికి అది చేరదు. కరెంటు కావలెను, సెల్‌ఫోను సంకేతము కావలెను, ఇంటి ఫోనును చెల్లెలికిని ఒక గంట ఇచ్చు అన్న కావలెను. బడులలో కంప్యూటరు నేర్పుట యనగా ఇతరులు వ్రాసినది చూచుట మాత్రమే కాక, తాము వ్రాయుట యని ఉపాధ్యాయులు గ్రహింపవలెను. భాషయు ముఖ్యమే. 2011 జనాభా లెక్కలలో కోయ మాతృభాషగా చెప్పినవారు నాలుగు లక్షలకు పైగా నుండిరి. తూర్పు భారతమున సంతాలీలు, 1925లో రఘునాథ్ ముర్ము కల్పించిన ఓల్ చికి లిపిలో 2018 ఆగస్టున తమ వికీపీడియాను నిలుపుకొనిరి. వారు చేసిన పని కోయలు చేయలేరని తలచుటకు కారణము లేదు.

ఇందుకు గొప్ప ఆరంభము అక్కరలేదు. తన ఊరి పేరు ఎట్లు వచ్చెనో తాతనడిగి తెలిసికొని, అడిగిన దినమును, చెప్పినవారి పేరును వారి అనుమతితో వ్రాసి, తప్పున్నచో దిద్దుకొను వినయము గల విద్యార్థి యొక్కడు చాలును. లండనులో అచ్చయిన గ్రంథమునకు కొండరెడ్లు బదులు చెప్పలేకపోయిరి. నేడు ఆ బదులు వ్రాయుటకు కాగితము సిద్ధముగా నున్నది. దానికి వెల లేదు. కావలసినది వ్రాయు చేయి మాత్రమే.