ముందు గుడ్డ, తర్వాతే సెన్సర్

మన డిపార్ట్‌మెంట్‌లో ఏటా ఒక బ్యాచ్ అయినా బేరింగ్ ఫాల్ట్ డిటెక్షన్ ప్రాజెక్ట్ చేస్తుంది. పోయిన సెమిస్టర్‌లో ఆ బ్యాచ్ మాదే. అందరిలాగే అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటాసెట్ డౌన్‌లోడ్ చేశాం. మోడల్‌కి 99 శాతం వచ్చింది. రివ్యూలో చప్పట్లు కూడా కొట్టారు.

దీపావళికి మా ఊరు శివ్వంపేట వెళ్ళినప్పుడు, మా చిన్నాయన పనిచేసే రైస్ మిల్లుకి సెన్సర్, లాప్‌టాప్ పట్టుకుని పోయాను. వడ్ల సీజన్. ఎలివేటర్ పక్కన ఐదు నిమిషాలు నిలబడితే కళ్ళజోడు మీద దుమ్ము పొర. కింది బేరింగ్ బాక్స్‌కి సెన్సర్ అతికించాను. మోడల్ 'నార్మల్' అంది.

మిల్లు ఆపాక చిన్నాయన ఆ బాక్స్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "ఏందిరా, నీ కంప్యూటర్ మంచిగున్నదంటున్నదా? నువ్వు కూడ చెయ్యి పెట్టి చూడు." నేనూ ఉంచలేకపోయాను. మూత విప్పితే లోపల గ్రీజు నల్లగా, వేళ్ళ మధ్య గరగరలాడుతోంది.

ఎందుకలా అయింది? ఊకలో సిలికా ఉంటుంది. ఆ దుమ్ము గ్రీజులో కలిస్తే సానరాయిలా బాల్స్‌నీ రింగులనీ అరగదీస్తుంది. లోపలికి ఎలా వెళ్ళిందంటే, కొంత అరిగిపోయిన సీల్ నుంచి, కొంత మన చేత్తోనే. గ్రీజు నిప్పుల్ తుడవకుండా గన్ పెట్టి కొడితే, దానిమీది దుమ్మంతా గ్రీజుతో పాటు లోపలికే పోతుంది. అలాగని ఎక్కువ గ్రీజు కుక్కినా బేరింగ్ వేడెక్కుతుంది.

మా డేటాసెట్‌లో దుమ్మే లేదు. అక్కడ 2 హార్స్‌పవర్ మోటార్ పెట్టి, బేరింగ్‌లకి కరెంట్ స్పార్క్‌తో 0.007 అంగుళాల సైజు నుంచి గుంటలు చేసి రికార్డ్ చేశారు. మా మోడల్‌కి తెలిసింది ఆ గుంటలే. గ్రీజు పాడవడం దానికి తెలీదు.

సెన్సర్ వేస్ట్ అని నేను అనట్లేదు. ఎలివేటర్ పైన, చెయ్యి అందని చోట ఉన్న బేరింగ్‌కి అది కచ్చితంగా కావాలి. అక్కడ బేరింగ్ కాలిపోయేంత వేడెక్కితే, గాలిలో తేలే ధాన్యం దుమ్ము అంటుకోవచ్చు. కింద మనుషులు పనిచేస్తుంటారు. కానీ సెన్సర్ కనిపెడుతుంది, కాపాడదు. కాపాడేది మంచి సీల్, శుభ్రమైన గ్రీజు, నిప్పుల్ తుడిచే గుడ్డ, ఎప్పుడు ఎంత గ్రీజు పెట్టారో రాసుకునే ఒక నోట్‌బుక్.

అందుకే నాదొక మాట. ఇలాంటి ప్రాజెక్ట్ తీసుకున్న ప్రతి బ్యాచ్ మొదటి రివ్యూ కంటే ముందే ఒక మిల్లుకో క్రషర్‌కో వెళ్ళి, అక్కడ గ్రీజు పెట్టే మనిషితో ఒక పూట గడపాలి. ఆయన చెప్పింది రిపోర్ట్‌లో మొదటి చాప్టర్‌గా రాయాలి. మా రిపోర్ట్‌లో ఆ చాప్టర్ లేదు. ఈ సెమిస్టర్ రాస్తున్నాం. 99 శాతం అన్న లైన్ కింద, అది ఏ బేరింగ్‌ల మీద వచ్చిందో కూడా రాస్తున్నాం.