జిల్లా ఉపాధి కల్పనాధికారి గారికి

అయ్యా,

మొన్నటి జాబ్ మేళాకు మా అమ్మాయిని తీసుకుని తెల్లవారుజామునే బస్సెక్కాను. ఆమె చేతిలో ఆరు బయోడేటా జిరాక్సులు, డిగ్రీ ప్రొవిజనల్. మధ్యాహ్నం రెండింటికి వంతొచ్చింది. పని చెన్నై దగ్గరని, జీతం 12 వేలని, హాస్టల్ ఖర్చు మనదేనని అప్పుడు చెప్పారు. ఆ ముక్క నోటీసులోనే ఉంటే నాకొక రోజు కూలీ మిగిలేది.

25 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని 1959లోనే చట్టం చేశారు. ఆ వివరాలు మా దాకా రావాలి కదండీ. ఏ కంపెనీ, ఏ ఊరు, చేతికొచ్చేదెంత, నైట్ షిఫ్టుందా? ఇవన్నీ వారం ముందే మండలాఫీసు గోడకు తెలుగులో అంటించండి.

మా అమ్మాయి వెళ్లిన ప్రతిచోటా తేదీ, కంపెనీ, అడిగిన ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుంటోంది. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి.

ఇట్లు,
ఒక తండ్రి