ఎర్రర్ చదవకుండా ఫార్మాట్ కొట్టకండి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ కొండ పక్కన ఉంటది. సిగ్నల్ మెట్ల దగ్గర ఒక గీత, గదిలోకి వస్తే అదీ ఉండదు. పోయినేడు మా రూమ్మేట్ స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి టౌన్‌లో నెట్ సెంటర్‌కి పోయేసరికి గడువు అయిపోయింది. ఫీజు కట్టలేక వాడి సర్టిఫికెట్లు ఇంకా కాలేజీలోనే ఉన్నాయి. అందుకే ఈసారి ఆఫీసు గదికొచ్చిన కేబుల్ నెట్‌ని పాత లైనక్స్ కంప్యూటర్‌కి పెట్టి, దాంట్లోంచి వైఫై వదుల్దామనుకున్నాం.

మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రే ఒక అన్న "లైనక్స్ మనకెందుకురా, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేయ్" అన్నాడు. అన్న మీద గౌరవం ఉంది గానీ ఆ మాట నేను ఒప్పుకోను. ఏజెన్సీలో జ్వరమొస్తే రక్తపరీక్ష చేయకుండా మలేరియా బిళ్ళ ఇస్తే ఊరుకుంటామా? ఇదీ అంతే. "వైఫై రావట్లేదు" అనేది ఒక్క జబ్బు కాదు.

మొదట వైఫై పేరే కనపడలేదు. ఐడబ్ల్యూ లిస్ట్ కొట్టి చూస్తే కార్డు ఏపీ మోడ్‌కి పనికొస్తదనే ఉంది. అది లేకపోతే ఏం చేసినా దండగే, వేరే కార్డు చూసుకోవాల్సిందే. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్‌లో మాత్రం సాఫ్ట్ బ్లాక్డ్ అని ఉంది. అది తీశాక కూడా హోస్ట్‌ఏపీడీ లేవలేదు. అదే కార్డుని నెట్‌వర్క్‌మేనేజర్ పట్టుకుని కూర్చుంది. ఒకే నాగలికి ఇద్దరు మేడి పట్టినట్టు. ఆ కార్డు జోలికి రావద్దని నెట్‌వర్క్‌మేనేజర్‌కి చెప్పాక పేరు కనపడింది.

రెండో రాత్రి పేరు ఉంది, ఫోన్ మాత్రం ఐపీ అడ్రస్ కోసం తిరుగుతూనే ఉంది. అడ్రస్‌లు పంచేది డిఎన్ఎస్‌మాస్క్. దాని లాగ్‌లో 53వ పోర్టు ఇప్పటికే వాడకంలో ఉందని స్పష్టంగా రాసి ఉంది. సిస్టమ్‌డీ రిసాల్వ్‌డ్ అక్కడ ముందే కూర్చుంది. కాన్ఫిగ్‌లో మా వైఫై ఇంటర్‌ఫేస్ పేరు ఇచ్చి, బైండ్ ఇంటర్‌ఫేసెస్ అనే ఒక్క లైను చేరిస్తే సరిపోయింది. ఆ ఒక్క లైను కోసం మూడుసార్లు రీఇన్‌స్టాల్ చేశాం, సిగ్గుగానే చెప్తున్నా.

మూడో రాత్రి అడ్రస్ వచ్చింది, నెట్ రాలేదు. ఐపీ ఫార్వర్డ్ 0 ఉంది, 1 చేశాం. ఐపీటేబుల్స్‌లో మాస్కరేడ్ రూల్ వేశాం. అంతే.

నిజం చెప్పాలంటే సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ బటన్ నొక్కితే అడ్రస్‌లు పంచడం, నెట్ మళ్ళించడం నెట్‌వర్క్‌మేనేజరే చూసుకుంటది. ముందు అదే ప్రయత్నించండి. మేం ఏదో వీడియో చూసి కష్టమైన దారిలో పడ్డాం. అయినా కార్డు ఏపీ మోడ్‌కి రాకపోతే ఆ బటనూ పనిచేయదు, అప్పుడు మళ్ళీ ఎర్రర్ చదవాల్సిందే.

మన పిల్లలకి ఇంగ్లీషు ఎర్రర్ కనపడగానే అది మనల్ని తిడుతున్నట్టు అనిపిస్తది. నాకూ అంతే ఉండేది. కానీ అందులో చాలావరకు నాలుగైదు మాటలే తిరిగి తిరిగి వస్తాయి.

చిన్న కార్డు కాబట్టి ఐదారుగురు చొప్పున వంతులేసుకుని ఫారాలు నింపుతున్నాం. మీ హాస్టల్లో ఎవరైనా చేస్తుంటే కామెంట్‌లో "రావట్లేదు అన్నా" అని మాత్రం పెట్టకండి. జర్నల్‌సీటీఎల్‌లో ఆఖరి పది లైన్లు ఫొటో తీసి పెట్టండి, కూర్చుని చూద్దాం.