పత్రికా కొలువుకు యూనియన్ అండ ఎంతవరకు?

మాదాపూర్: హైటెక్‌సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వందమందిని ఇంటికి పంపితే మరునాడు పత్రికల్లో పెద్ద వార్త. ఆ వార్త రాసిన విలేకరి కొలువే పోతే ఎక్కడా ఒక్క వాక్యం కనిపించదు. ఐటీ ఉద్యోగికి లేని ప్రత్యేక చట్టం ఏడు దశాబ్దాల పాటు పాత్రికేయుడికి ఉన్నా పరిస్థితి ఇదే.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం తొలగింపునకు సంపాదకుడికి ఆరు నెలలు, ఇతర పాత్రికేయులకు మూడు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలి. వేతన సంఘాలూ ఆ చట్టం పుణ్యమే. మజీఠియా సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేయగా, యాజమాన్యాల సవాలును తోసిపుచ్చి సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో వాటిని సమర్థించింది. కాంట్రాక్టు సిబ్బందికీ అవి వర్తిస్తాయని, పాత జీతమే చాలని సంతకం చేయించుకున్నా తగ్గించి ఇవ్వడం చెల్లదని 2017 జూన్‌లో స్పష్టం చేసింది. యూనియన్లకు ఇది ఘన విజయమే. అయితే అదే తీర్పులో యాజమాన్యాలది ఉద్దేశపూర్వక ధిక్కారం కాదని తేల్చింది. బకాయిల కోసం చట్టంలోని రికవరీ ప్రక్రియకే వెళ్లమంది. తొలగింపులు, బదిలీలపై వచ్చిన పిటిషన్లలోనూ జోక్యం చేసుకోలేదు. జీతం ఆగినవాడికి లేబర్ కార్యాలయం దారి ఎంత దూరమో వేరే చెప్పాలా?

సంస్థే చితికితే యూనియన్ చేయగలిగేది మరీ తక్కువ. డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్‌పై కెనరా బ్యాంకు దివాలా పిటిషన్‌ను 2017 జులైలో కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్ స్వీకరించింది. 1960లో మొదలైన ఆ సంస్థ తెలుగు దినపత్రిక ఆంధ్రభూమి అచ్చు 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ ఆగిపోయింది. మూడు నెలల నోటీసు నిబంధన పత్రికను బతికించలేదు.

ఇప్పుడు వార్తల పని వెబ్‌సైట్లు, వీడియో విభాగాల వైపు మళ్లింది. 1955 చట్టం దృష్టిలో పత్రిక అంటే అచ్చయినదే. వేరే కంపెనీ పేరుతో ‘కంటెంట్ రైటర్’గా చేరినవారు దాని నీడలోకి రావడం కష్టమైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆ చట్టాన్ని రద్దు చేసి, డిజిటల్ పాత్రికేయులనూ నిర్వచనంలో చేర్చాయి. ఇది మేలే. కానీ తొలగింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసే నిబంధన ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే పరిమితం. అక్కడా సిబ్బంది హద్దు 100 నుంచి 300కు పెరిగింది. గడువు ఒప్పందం ముగియడాన్ని తొలగింపుగా లెక్కించరు. అంటే ఐటీ కారిడార్‌లోని డిజిటల్ సబ్ ఎడిటర్, పక్క భవనంలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ విషయంలో ఒకే వరుసలో ఉన్నట్టే.

ఒకటికి మించి సంఘాలున్న చోట, ఏకైక చర్చల ప్రతినిధిగా గుర్తింపు పొందాలంటే మస్టర్ రోల్‌లోని వారిలో 51 శాతం మద్దతు కావాలి. ఒకే వార్తాగదిలో రెండు మూడు కంపెనీల జీతపు చీటీలు అందుకునేవారుంటే ఆ లెక్క ఎవరి మస్టర్ రోల్‌పై వేయాలన్నది యూనియన్లు ముందుగా తేల్చుకోవాల్సి ఉంది.